చూడని సినిమాలకు అవార్డులు

మా అమ్మ ఆ ఏడాది ఉత్తమ నటి ఎవరో పడవ దిగేవాళ్ళ ముఖాలు చూసి చెప్పేసేది.

గొప్పకి చెబుతున్నాననుకోకండి. మా ఇల్లు వైనతేయ ఏటిగట్టు మీద, సరిగ్గా రేవుకి ఎదురుగా ఉండేది. ఇది తొంభైల నాటి మాట. అప్పటికి ఏటి మీద వారధి లేదు. మా రాజోలు వైపు ఊళ్ళవాళ్ళు అమలాపురంలో కొత్త సినిమా చూడాలంటే పడవ దాటి అవతలి ఒడ్డున బస్సెక్కాలి. మ్యాట్నీకి వెళ్ళినవాళ్ళంతా పొద్దుగూకే వేళకి ఒకే పడవలో తిరిగొచ్చేవారు. దానికి మా ఇంట్లో మ్యాట్నీ పడవ అని పేరు. ఆ పడవ ఒడ్డుకి చేరే వేళకి అమ్మ కొబ్బరాకుల మోపు ముందేసుకుని వీధరుగు మీద కూర్చునేది. చేతులు చీపురు ఈనెలు తీస్తూ ఉండేవి. కళ్ళు మాత్రం రేవు మీదే.

సినిమా సంగతి ఒడ్డు మీదే తేలిపోయేది. కుర్రాళ్ళు గట్టెక్కుతూనే ఒకళ్ళ మీద ఒకళ్ళు కాళ్ళెత్తి ఫైట్లు చేసి చూపించుకుంటున్నారంటే ఆ సినిమా వందరోజులు ఆడుతుంది, అవార్డు మాత్రం రాదు. మగవాళ్ళు "టికెట్టు దండగ" అని విసుక్కుంటుంటే, వెనక ఆడవాళ్ళు కొంగుతో ముక్కు తుడుచుకుంటూ దిగారంటే, అందులో హీరోయిన్‌కి అవార్డు రాసిపెట్టుకోవచ్చు. పిల్లలు ఏదో పాట తప్పుగా పాడుతూ దిగితే సంగీతానికి రావచ్చు, ఒప్పుగా పాడితే రాదు. ఈ సూత్రం ఎలా కట్టిందో అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. అందరూ చెప్పులు చేత పట్టుకుని, బురదలోంచి ఒక్క మాటైనా లేకుండా నడిచి ఎవరిళ్ళకి వాళ్ళు పోయారనుకోండి, అమ్మ ఈనె తీయడం ఆపేసేది.

"ఇదేనే ఉత్తమ చిత్రం" అనేది నాతో.

ఏటా రాష్ట్ర ప్రభుత్వం సినిమాలకి అవార్డులు ప్రకటించేది. ఒక ఏడాది ఎండల్లో, ఒక ఏడాది వానల్లో, వాళ్ళకి ఎప్పుడు తోస్తే అప్పుడు. సాయంత్రం రేడియో వార్తల్లో ఆ మాట వినిపించగానే అమ్మ స్టవ్వు తగ్గించి, వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడేది. ఆవిడ చెప్పినవి చాలామట్టుకు నిజమయ్యేవి. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ యవ్వారం. సినిమా చూసిందీ లేదు, చచ్చిందీ లేదు, అవార్డులు మాత్రం పంచేస్తావు" అనేది మా మామ్మ. మామ్మ అంటే నాన్నని కన్నతల్లి. ఇంట్లో ఆవిడ నోటికి అడ్డు లేదు.

మామ్మ అన్నది నిజమే. ఆ సినిమాల్లో అమ్మ ఒక్కటీ చూడలేదు. నేను పుట్టిన ఏడాది తరవాత వచ్చిన ఏ సినిమా కూడా ఆవిడ చూడలేదు.

పెళ్ళికి ముందు అమ్మకి సినిమాల పిచ్చి. కొత్తపేటలో అమ్మమ్మగారింటి పెరటి గోడా సినిమా హాలు గోడా ఒకటే. పగలు వంట చేస్తున్నా డైలాగులు వినిపించేవట. విన్నదాన్ని చూడకపోతే అన్నం సయించేది కాదట. పెళ్ళైన మూడోనాడే నాన్నని సినిమాకి తీసుకెళ్ళమని అడిగింది. నాన్న కాదనలేక తీసుకెళ్ళి, పేర్లు పడటం అవకుండానే నిద్రపోయారు. హాల్లోని చీకటీ ఫ్యాను గాలీ చాలు మా నాన్నకి. జీవితంలో ఎన్నో సినిమాలకి వెళ్ళారు గానీ ఒక్కదాని కథైనా ఆయనకి తెలీదు. చూడటానికి అడ్డు లేని మనిషికి నిద్రనీ, నిద్ర రాని మనిషికి ఆ అడ్డునీ ఇచ్చాడు దేవుడు. మా ఇంటి మీద ఆయనకి కాస్త వేళాకోళం ఉందనే నా అనుమానం.

ఆ అడ్డు నా వల్ల వచ్చింది. పాలు తాగే వయసులో నాకు దగ్గూ ఆయాసమూ పట్టుకున్నాయి. మందులకి లొంగలేదు. రాజోలు ఆసుపత్రిలో డొక్కలెగరేస్తూ పడున్నానట. డాక్టరుగారు నాన్నని పక్కకి పిలిచి ఏదో చెబుతుంటే, అమ్మ నన్ను ఒళ్ళో వేసుకుని అంతర్వేది ఎటువైపో పక్క మంచం మనిషిని అడిగి, అటు తిరిగి మొక్కుకుంది. "స్వామీ, ఈ పిల్ల ఊపిరి నిలబెట్టు. ఈ జన్మలో సినిమా చూడను."

నేను బతికాను. ఇంటికొచ్చాక మొక్కు సంగతి విని మామ్మ నెత్తి కొట్టుకుందట.

"తలనీలాలిస్తానంటారు, పొర్లుదండాలు పెడతానంటారు. సినిమా చూడనని మొక్కుకోవడం ఏంటే అమ్మాయ్? స్వామి సినిమాలేం చేసుకుంటాడు?"

"ఇష్టమైంది వదులుకుంటానన్నానండీ అత్తయ్యగారూ. అంతకంటే ఇష్టమైంది నాకింకేముందీ?" అందట అమ్మ. పక్కనే ఉన్న నాన్న ఈ మాటకి నొచ్చుకున్నారని మామ్మ చెబుతుంది గానీ, ఆయన అప్పటికి నిద్రలో ఉండి ఉంటారు.

ఈ కథ నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. ఇంటికి ఎవరొచ్చినా మామ్మ నన్ను పిలిచి పక్కన నిలబెట్టి మరీ చెప్పేది. చుట్టాలు నన్ను పైకీ కిందకీ చూసేవారు, ఇంతమాత్రం పిల్లకి అన్ని సినిమాలా అన్నట్టు. నాకు ఒళ్ళు మండేది. అయినా లోపల ఎక్కడో గర్వంగానే ఉండేది. ఒకటి మాత్రం చిన్నప్పుడే గమనించాను. నేను ఎక్కడ దగ్గినా వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయేది. రెండోసారి దగ్గకుండా కాసేపు గడిస్తే గానీ మళ్ళీ మొదలయ్యేది కాదు.

మొక్కుకి అమ్మ తనే కొన్ని చట్టాలు రాసుకుంది. చూడకూడదు, వినొచ్చు. వాల్‌పోస్టరు కదలదు కాబట్టి చూడొచ్చు. పేపర్లో బొమ్మలకీ అదే న్యాయం. మా ఇంటికి టీవీ వచ్చాక ఆదివారం సాయంత్రం సినిమాకి ఊళ్ళో సగం మంది మా ముందుగదిలో చేరేవారు. అందరూ టీవీకి ఎదురుగా కూర్చుంటే అమ్మ ఒక్కతే గోడకి ఎదురుగా, టీవీకి వీపు పెట్టి కూర్చునేది. అందరికంటే ముందు నవ్వేది. అందరికంటే ముందు కళ్ళొత్తుకునేది. ఒక్కోసారి ఉన్నట్టుండి, "ఈ పిల్ల గొంతు ఈ పిల్లది కాదే, వేరే ఎవరో చెప్పేరు" అనేది. మేం తెర మీది బొమ్మని చూసి మోసపోయేవాళ్ళం, ఆవిడ గోడనే చూసేది కాబట్టి మోసపోయేది కాదు.

అమ్మకి పోటీగా నిలబడగలిగిన మనిషి ఊరు మొత్తానికి ఒక్కరే. మా పక్కింటి టీచరుగారు. హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. ఆవిడా సినిమాలు చూడరు. వాళ్ళ నాన్నగారు చర్చిలో పెద్ద. సినిమా హాలు మెట్లెక్కనని చిన్నప్పుడు ఆయనకి మాటిచ్చారు. ఆయన పోయినా మాట పోలేదు. కానీ పేపరు చదవనని ఎవరికీ మాటివ్వలేదు కదా. సినిమా పేజీ ఆవిడ చదివినంత శ్రద్ధగా సినిమా తీసినవాళ్ళు కూడా చదివి ఉండరు. ఏ దర్శకుడు పోయినేడు ఏం తీశాడు, ఏ నటుడికి ఇంతకుముందు రావాల్సింది రాకుండా పోయింది, అన్నీ ఆవిడకి కంఠతా వచ్చు.

"పోయినేడు ఆయనకి అన్యాయం జరిగిందండీ. ఈ ఏడు ఇచ్చి సరిపెడతారు, చూడండి" అనేవారు టీచరుగారు.

"పడవలో ఒక్కళ్ళైనా ఆయన ఊసెత్తలేదండీ" అనేది అమ్మ.

"పడవలో వాళ్ళకేం తెలుసండీ?"

"మరేనండీ. చూసేరంతే పాపం."

ఇద్దరి ఇళ్ళకీ మధ్య కొబ్బరి దడి. దడికి అటొకరు, ఇటొకరు నిలబడి, చూడని సినిమాల గురించి దెబ్బలాడుకునేవారు. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళింటికి పొట్టిక్కలు చేసి పంపాలని పందెం. పొట్టిక్కలంటే పనసాకుల్ని బుట్టల్లా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు వాసనంతా పిండికి పడుతుంది. ఎవరు గెలిచినా తినేది నేనే కాబట్టి నేను ఎవరి పక్షమూ వహించలేదు.

అమ్మ ఘోరంగా పప్పులో కాలేసిన సంవత్సరాలూ లేకపోలేదు. ఒకసారి పడవ దిగినవాళ్ళందరి నోటా ఒక ముసలాయన పేరే వినిపించిందని, ఉత్తమ నటుడు ఆయనేనని తేల్చి చెప్పేసింది. ఆ మహానుభావుడు సినిమాలో ఒక్క సీనులోనే ఉన్నాడనీ, అందులో కుర్చీలోంచి లేస్తుంటే పంచె ఊడుతుందనీ, జనం చెప్పుకున్నది ఆ సంగతేననీ తరవాత తెలిసింది. టీచరుగారు ఆ ముక్క చెప్పి చెప్పి నవ్వి, ఆ ఏడాది పొట్టిక్కలు రెండు వాయిలు చేయించుకున్నారు.

ఆ పరాభవం తరవాత అమ్మ కొత్త పద్ధతి పెట్టింది. వీలైన సినిమాలకి నాన్నతో నన్ను పంపడం మొదలెట్టింది. నాన్న నిద్రపోవడానికి, నేను చూసి రావడానికి. వచ్చాక అమ్మ అన్నం కలిపి ముద్దలు పెడుతుంటే నేను కథ చెప్పాలి. మొదట్లో "ఒక ఊళ్ళో ఒకడుంటాడు, వాడికి ఒకమ్మాయి" అని తెగ్గొట్టేసేదాన్ని. అమ్మ వదిలేది కాదు. ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడి ఆ మాటందా, లోపల్నుంచి అందా? అన్నప్పుడు వాడి వంక చూసిందా? చీరేం రంగు? వాన పడిందంటున్నావు, పడ్డ చప్పుడు ముందొచ్చిందా, వాన ముందొచ్చిందా? నేను చెప్పలేకపోతే ముద్ద చేతిలోనే ఉండిపోయేది. ఆకలి వల్ల చూపు పదునెక్కుతుందని నాకు అప్పుడే తెలిసింది. ఇవాళ నేను నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ ముద్దల పుణ్యమే. ఎక్కడ ఏది చెప్పాలో, ఏది కాసేపు దాచాలో నాకు బళ్ళో నేర్పలేదు.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు మ్యాట్నీ పడవలో ఒక సినిమా వచ్చింది. పరీక్షలని నన్ను పంపలేదు. ఆ సాయంత్రం పడవ నిండా జనమే గానీ చుక్కాని నీళ్ళు కోస్తున్న చప్పుడు మా అరుగు దాకా వినిపించింది. అందరూ దిగారు. మా ఇంటి ముందుగా నడుస్తూ ఒకావిడ చంటిపిల్లని ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంది, అంతే. ఒక్కళ్ళూ మాట్లాడలేదు. మరునాడు కూడా అంతే. అమ్మ ఈనెల కట్ట పక్కన పెట్టేసి చాలాసేపు అలాగే కూర్చుంది. వారం తిరక్కుండా ఆ సినిమా హాల్లోంచి ఎత్తేశారు. దాని కథేంటో మా ఇంట్లో ఎవరికీ తెలీకుండా పోయింది.

సరిగ్గా ఆ ఏడాదే మా ఊళ్ళో కేబుల్ టీవీ పెట్టినాయన తన వ్యాపారం కోసం ఒక పోటీ పెట్టాడు. అవార్డులు ఎవరికొస్తాయో ముందుగా రాసి, ఆయన షాపులో పెట్టిన డబ్బాలో వెయ్యాలి. ఎక్కువ సరిపోయినవాళ్ళకి బహుమతి, అమలాపురం హాల్లో ఇంటిల్లిపాదికీ బాల్కనీ టికెట్లు, ఇంటర్వెల్‌లో కూల్‌డ్రింకులు. అమ్మా రాసింది, టీచరుగారూ రాశారు. ఉత్తమ చిత్రం అన్నచోట అమ్మ ఆ మాటల్లేని పడవ సినిమా పేరు రాసింది. టీచరుగారు దడి అవతల నుంచి తలడ్డంగా ఊపారు. "వారం ఆడని సినిమాకా అండీ!" అన్నారు.

దానికే వచ్చింది. ఇంకా చాలా వాటికి అమ్మ రాసిన పేర్లే వచ్చాయి. కేబులాయన వీడియో కెమెరా పుచ్చుకుని స్వయంగా మా ఇంటికొచ్చాడు. అమ్మని అరుగు మీద కూర్చోబెట్టి, గొంతు సవరించుకుని అడిగాడు.

"అమ్మగారూ, మీరు ఏడాదికి ఎన్ని సినిమాలు చూస్తారండీ?"

"ఒక్కటీ చూడనండీ."

"ఆయ్?" అన్నాడాయన. కెమెరా కిందకి దించి, "అలా చెబితే జనం నన్ను తంతారండీ. కనీసం ఏడెనిమిదైనా చెప్పండి" అని బతిమాలాడు. అమ్మ ఒప్పుకోలేదు. చివరికి దడి పక్కన ఉన్న టీచరుగారిని అడిగాడు. ఆవిడా ఒక్కటీ చూడనన్నారు. పాపం ఆయన టికెట్లు మామ్మ చేతిలో పెట్టి, కెమెరా సంచీలో సర్దుకుని వెళ్ళిపోయాడు.

అవార్డొచ్చిందని అమలాపురంలో ఆ సినిమా మళ్ళీ వేశారు. మా టికెట్లు దానికే. అమ్మ ఆ టికెట్ల జోలికి వెళ్ళలేదు గానీ, పడవలో వాళ్ళు ఎందుకంత మౌనంగా దిగారో తెలుసుకోవాలన్న కోరిక ఆవిడ ముఖంలో దాగలేదు. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. కూరలో అసలు వెయ్యలేదు. ఇన్నేళ్ళుగా వెక్కిరించిన మామ్మే ముందు కరిగింది.

"పద, అంతర్వేది వెళ్ళి ఆ స్వామినే అడిగేద్దాం. ఇచ్చిన మాటకి ఓ గడువుండదా?"

అందరం బస్సెక్కి వెళ్ళాం. దర్శనం అయ్యాక మామ్మ పూజారిగారికి మొత్తం కథ, నన్ను పక్కన నిలబెట్టి మరీ, చెప్పింది. ఆయన నన్ను చూసి నవ్వారు.

"పిల్ల లక్షణంగా ఉందమ్మా. స్వామి నీ మొక్కు ఎప్పుడో పుచ్చుకున్నాడు. కొబ్బరికాయ కొట్టి చెప్పుకో. హాయిగా వెళ్ళి చూడు."

"చూడొచ్చంటారా అండీ?" అంది అమ్మ.

"చూడొచ్చమ్మా."

"ఆయన ఏమీ అనుకోడు కదండీ?"

"అనుకోడమ్మా."

"పిల్లకి..." అని ఆగిపోయింది అమ్మ. పూజారిగారు నా నెత్తిన శఠగోపం పెట్టారు. అమ్మ కొబ్బరికాయ కొట్టింది. కాయ సమానంగా, చక్కగా పగిలింది. బస్సులో వస్తూ ఆ చిప్ప రెండుసార్లు తీసి చూసుకుంది.

ఆదివారం మేం ముగ్గురం మ్యాట్నీకి బయల్దేరాం. మామ్మ రానంది. తను వస్తే మోకాళ్ళ నొప్పులతో అమ్మకి సినిమా దక్కనివ్వనని ఆవిడకే తెలుసు. అమ్మ పెళ్ళిళ్ళకి కట్టే పట్టుచీర కట్టుకుంది. "సినిమాకి పట్టుచీరేంటమ్మా, నవ్వుతారు" అన్నాను. "నవ్వుకోనీ" అంది.  హాల్లో కుర్చీ అంచున, పరీక్ష రాసే పిల్లలా నిటారుగా కూర్చుంది. దీపాలు ఆరగానే నాన్న గుర్రు మొదలైంది.

నేను తెర చూడలేదు, అమ్మని చూశాను. తెర మీది వెలుతురు ఆవిడ ముఖం మీద పడింది. నేను ఎరిగిన అమ్మ ముఖం మీద ఆ వెలుతురు పడటం అదే మొదటిసారి. పేర్లు పడుతుంటే ఒక్కొక్కటీ పైకి చదివింది. ఛాయాగ్రహణం, కూర్పు, కళ... ఏళ్ళ తరబడి పేపర్లో చూసిన పేర్లు. చాలాకాలానికి కలిసిన చుట్టాల్ని పలకరిస్తున్నట్టు ఒక్కో పేరుకీ తలూపింది. నాకు ఏడుపొచ్చింది. నన్ను బతికించడానికి ఈవిడ వదులుకున్నది ఎంతో నాకు ఆ కాసేపట్లో తెలిసింది, మామ్మ అన్నిసార్లు చెప్పినా తెలియనిది.

పేర్లు అయిపోయాయి. తెల్లవారుతున్న చెరువు గట్టు మీద ఒకమ్మాయి బిందెతో నడిచి వస్తోంది. మా ముందు వరుసలో ఎవరో చుట్ట ముట్టించారు. పొగ నేరుగా నా ముక్కులోకి వచ్చింది. ఆపుకుందామనుకున్నాను గానీ ఆగలేదు. దగ్గాను. మళ్ళీ దగ్గాను.

అమ్మ చెయ్యి వచ్చి నా వీపు మీద పడింది. కాసేపు రాసింది. తరవాత ఆ చేత్తోనే పైట చెంగు తీసుకుని ముఖం నిండా కప్పుకుంది.

"అమ్మా, ఏంటది? చూడు" అన్నాను.

"ఏమవుతోందో చెప్పు" అంది చెంగులోంచి.

ఎంత లాగినా ఆ చెంగు రాలేదు. ఇంక చేసేదేముంది, చెవిలో చెప్పడం మొదలెట్టాను. బిందె జారింది, ఆ అమ్మాయి నవ్వలేదు, వాడు వంగి తీసిచ్చాడు, తను తీసుకోలేదు. చీర ఆకుపచ్చ. కాదు, ఎండలో పసుప్పచ్చ. వెనకనుంచి ఒకాయన, "అమ్మాయ్, కథ తెర మీద వాళ్ళే చెబుతున్నారండీ, మీరు కష్టపడక్కర్లేదు" అన్నాడు. చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. పట్టుచీర కట్టుకుని, ముసుగేసుకుని బాల్కనీలో కూర్చున్న మనిషినీ, పక్కన గుసగుసలాడే నన్నూ, అటుపక్క గుర్రుపెడుతున్న నాన్ననీ జనం సినిమా కంటే ఆసక్తిగా చూశారు. ఇంటర్వెల్‌లో నా కూల్‌డ్రింకు అమ్మ నన్ను ముట్టుకోనివ్వలేదు, చల్లగా ఉందని. తనదీ నాదీ రెండూ నాన్నే తాగి మళ్ళీ పడుకున్నారు.

చివరి అరగంటా నేనూ ఏమీ చెప్పలేకపోయాను. ఆ సినిమాలో మాటలు ఎక్కడో ఆగిపోయాయి, నావీ వాటితోపాటే ఆగిపోయాయి. "చెప్పవే" అని అమ్మ అడగలేదు. చెంగు తడిసింది.

తిరుగు ప్రయాణంలో ఆ పడవలో మేమూ ఉన్నాం. మేమూ ఎవరితోనూ ఏమీ మాట్లాడలేదు. రేవు దగ్గరికి వస్తుంటే చూద్దును కదా, గట్టు మీద టీచరుగారు నిలబడి ఉన్నారు. పడవ దిగేవాళ్ళ ముఖాలు చూడటానికి వచ్చారు. మమ్మల్ని చూసి దగ్గరికొచ్చారు.

"ఎలా ఉందండీ?" అన్నారు.

"చాలా బాగుందండీ. అమ్మాయి చాలా బాగా చెప్పింది" అంది అమ్మ.

టీచరుగారు అమ్మ వంక చూశారు, తడిసిన చెంగు వంక చూశారు.  అమ్మ చెయ్యి పట్టుకుని గట్టెక్కించారు. ఆ రాత్రి పందెం ఓడిన పొట్టిక్కలతో పాటు మామిడల్లం పచ్చడి కూడా పంపారు, అది పందెంలో లేదు.

ఇంటికొచ్చాక నేను అమ్మ మీద విరుచుకుపడ్డాను. స్వామిని అడిగాం, పూజారిగారు చూడమన్నారు, కొబ్బరికాయ కొట్టాం, ఏరు దాటి వెళ్ళాం, అందరిలో నవ్వులపాలయ్యాం. ఇన్నీ చేసి, తీరా హాల్లో కూర్చున్నాక ముసుగెందుకు వేసుకున్నావమ్మా అని అడిగాను. అమ్మ పట్టుచీర మడత పెడుతోంది. మడతలు సరిచేస్తూ, నా వైపు చూడకుండానే చెప్పింది.

"నువ్వు దగ్గేవు."

అంతే. ఆ తరవాత మా ఇంట్లో ఎవరూ ఆవిడని సినిమాకి రమ్మనలేదు. మామ్మ కూడా ఆలూ చూలూ సామెత మానేసింది.

కొన్నేళ్ళకి ఏటి మీద వారధి వచ్చింది. బస్సులు గట్టు మీద ఆగకుండా దూసుకుపోతున్నాయి. మ్యాట్నీ పడవ లేదు, దిగే ముఖాలూ లేవు. నాకు కాకినాడలో ఉద్యోగమొచ్చింది. అందుకని ఆదివారాలు సినిమా చూసొచ్చి ఫోన్‌లో అమ్మకి కథ చెబుతాను. అటునుంచి ప్రశ్నలు తగ్గలేదు. గుమ్మంలో నిలబడి అందా, లోపల్నుంచి అందా? అటుపక్క దడి దగ్గర రిటైరైన టీచరుగారు కూడా చెవులు రిక్కించుకునే ఉంటారు, మధ్యమధ్య "దర్శకుడెవరో అడగండి" అని ఆవిడ గొంతు వినిపిస్తుంది. ఈ ఏడాది అవార్డులు కూడా వాళ్ళిద్దరూ అలాగే పంచేశారు.

కాకినాడ దుమ్ముకి నాకు అప్పుడప్పుడు గొంతు పడుతుంది. కథ మధ్యలో దగ్గొస్తే రిసీవరుని అరచేత్తో గట్టిగా మూసి, మొహం అటు తిప్పుకుని దగ్గేసి, నీళ్ళు తాగి మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంటాను.

"ఏంటే, ఆపేసేవు?" అంటుంది అమ్మ.

"ఏం లేదమ్మా, ఇంటర్వెల్" అంటాను.